గిన్నెలో ఏడు చుక్కలు

వెలుగు పక్షం, నాలుగో రోజు

రిజిస్టరులో ఎడమ పేజీ నంబర్లకు. కుడి పేజీ ఖాళీగా వదలాలని నియమం. ఎందుకని అడిగితే డాక్టర్ నస్రీన్‌కీ తెలియదు, నాకు ముందు ఈ పని చేసినవాళ్ళకీ తెలియదు. ఖాళీ కాగితం కనబడితే నా చెయ్యి ఊరుకోదు. ఇవాళ్టి నుంచి నా గోడు ఇక్కడ రాసుకుంటాను. ఎవరైనా చదివితే వాళ్ళ ఖర్మ.

ఎడమ పేజీలో ఇవాళ రాసింది ఇది: నాలుగో బంతి, ఏడు చుక్కలు, కబురు 6. మూడు రోజుల క్రితం 4 ఉండింది. అంతకు ముందు 5. యంత్రానికి తిక్క లేచిందేమోనని తుడిచి మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఆరే చూపించింది.

ఒంట్లో కణాలు ఒకదానికొకటి నెత్తురులో పంపుకునే కబుర్లను డాక్టర్లు సైటోకైన్లు అంటారు. అంత పేరు మా నోళ్ళకు పట్టదు, కబురు అనేస్తాం. వాపు వచ్చినా, జ్వరం వచ్చినా, ఎముక తగ్గుతున్నా ముందు కబురు పెరుగుతుంది. గిన్నె చూపించేది తలా సగటు, అది నాలుగు దాకా ఫరవాలేదు.

నాలుగో బంతి అంటే మా బంతే. ఎనిమిది మందిమి ఒకే వరుసలో కూర్చుని తింటాం, గానుగ ఎక్కుతాం, మూడు రోజులకొకసారి నెత్తురు లెక్క చూసే మస్టరు నాడు ఒకే గిన్నెలోకి వేళ్ళు గుచ్చుకుంటాం. మస్టరు రోజున ఒకరు వంతు ప్రకారం బయటి గడప దగ్గర కాపలా ఉంటారు కాబట్టి గిన్నెలో పడేవి ఏడు చుక్కలు. పడ్డాక ఏ చుక్క ఎవరిదో దేవుడు కూడా చెప్పలేడు. మాకు అదే గొప్ప.

ఇక గానుగ. చందమామ మీద మనిషి బరువు ఆరో వంతు. బరువు మోత లేని ఎముక తనంతట తానే కరిగిపోతుంది. అందుకని పెద్ద చక్రంలో తొట్టెలు కట్టి మమ్మల్ని తిప్పుతారు. తిరుగుతున్నంతసేపూ భూమి మీది బరువంతా ఒంటి మీదికి వస్తుంది. బంతి లెక్క రోజుకి ఎనిమిది గంటలు, తలా ఒక గంట. కబురు పెరిగితే బంతి మొత్తం తిరుగుడు పెంచుకుంటుంది. ఇవాళ కూడా అదే తీర్మానం, తలా పావుగంట ఎక్కువ. డ్రిల్లు పనిచేసే రాయమల్లు నా సూదిపెట్టె వైపు చూసి, "సూదక్క నంబరు రాస్తది, మన నడుములు విరుగుతయి" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

వెలుగు పక్షం, ఏడో రోజు

కబురు 7.

నాకు కుదురు లేదు. వరుసలో కూర్చుని అందరి మొహాలూ చూస్తున్నాను. ఏడుగురిలో ఒకరికి ఏదో అవుతోందా, అందరికీ తలా కాస్త అవుతోందా? ఏడు చుక్కలు కలిపితే ఆ తేడా తెలియదు.

నా అనుమానం మొండయ్య తాత మీద. డెబ్బై ఏళ్ళ మనిషి. పొద్దున లేచింది మొదలు నడుం గుంజుతాందని, కాళ్ళు పీకుతాన్నయని రాగం తీస్తూనే ఉంటాడు. పైకి పేరు అనకూడదు. అందుకని వంటింట్లోకి పోయి భూలక్ష్మి వదినతో నెమ్మదిగా చెప్పాను, తాత గంట కూడా కొన్నాళ్ళు నువ్వు తిరిగితే బాగుంటుందని. ఎవరు ఎంత తిరిగారన్నది బంతి ఇష్టం, లెక్క సరిపోతే చాలు.

వదిన మా మేనత్త కూతురు, మా బంతికి వంట చేస్తుంది. గట్టి మనిషి. ఇన్నేళ్ళలో అబ్బా అని ఆమె నోట నేను వినలేదు. "నువ్వు చెప్పుడేంది, నేనే అందామనుకున్న" అని గరిటె కడుక్కుంది. రిజిస్టరులో మొండయ్య గంట ఎదురుగా భూలక్ష్మి అని నా చేత్తోనే రాశాను. మంచి పని చేశానని ఆ రోజంతా నా మీద నాకే ముచ్చటేసింది.

వెలుగు పక్షం, పదో రోజు

కబురు 7. పెరగలేదని బంతి సంతోషపడింది.

వదిన జొన్న గటక గిన్నెను రెండు చేతులతో దించింది. ఇక్కడ నిండు గిన్నె కూడా వేళ్ళ మీద తేలుతుంది, చిటికెన వేలితో దించొచ్చు. "ఏం వదినె, అన్నయ్య పోయినంక గిన్నెనే బిడ్డలెక్క సాదుతున్నవా" అని వేళాకోళం ఆడాను. ఉప్పు చిప్ప నా మీదికి విసిరింది. అది మెల్లగా తేలుతూ వచ్చి తాత గటకలో పడింది. తాత వదినను వదిలేసి నన్నే తిట్టాడు.

వెలుగు పక్షం, పదమూడో రోజు

కబురు 9. డాక్టర్ నస్రీన్ దగ్గరికి పరుగెత్తాను.

ఆమె నంబరు చూసి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఇది వాపు కాదు, ఇన్నాళ్ళు ఆగకుండా పెరిగేది ఒకటే ఉంది, ఎవరికో ఎముక మజ్జలో కాన్సర్ పడి ఉంటుందంది. ఇక్కడి ఎండలో, రాళ్ళలో ఉన్న రేడియేషన్‌కి అది కొత్త కాదట. మా ముత్తాతలు గోదావరి ఒడ్డున బొగ్గు బావుల్లో దిగినవాళ్ళని ఆమెకు తెలుసు. మాకు అర్థమయ్యే మాటల్లోనే చెప్పింది.

"ఎముకల రెండు గ్యాంగులుంటయి, ఓదెమ్మా. ఒకటి తవ్వేది, ఇంకోటి నింపేది. ఎవరెంత పని చెయ్యాల్నో రాసిన చిట్టీలే ఈ కబుర్లు. కాన్సర్ కూసున్నదంటే దొంగ చిట్టీలు రాస్తది. తవ్వేటోళ్ళకు డబల్ డ్యూటీ, నింపేటోళ్ళకు సెలవు. తవ్వినకొద్దీ ఎముకల నుంచి సత్తువ రాలుతది, అది తిని కాన్సర్ ఇంకింత బలుస్తది, ఇంకిన్ని చిట్టీలు రాస్తది."

బొగ్గు బావిలో కప్పు పడకుండా కొంత బొగ్గును స్తంభాల్లా వదిలేసేవారట. చివరికి ఆ స్తంభాలను కూడా తవ్వుకుంటూ వెనక్కి నడిచి బయటపడేవారట. ఒంట్లో స్తంభాలు తవ్వితే వెనక్కి నడిచి ఎక్కడికి పోతాం? నాకు వెంటనే గానుగ గుర్తొచ్చింది. పెంచిన తిరుగుడు మంచిదేనా అని అడిగాను.

మంచి ఎముకకు గానుగ మందు అంది. స్తంభాలు పోయిన వెన్నెముక మీద మాత్రం అది కప్పు కూలగొట్టడమే. ఏదో ఒక రోజు చక్రంలోనే పూస చితికిపోయి కాళ్ళు పడిపోతాయి. ముందే పట్టుకుంటే దొంగ చిట్టీలు తవ్వే గ్యాంగు చేతికి అందకుండా ఆపే మందు ఉంది, కాన్సర్‌కి వేరే మందు ఉంది.

మరి విడివిడిగా చూడండి మేడం అన్నాను. ఆమె నా మీద విసుక్కుంది. బంతి నియమం మీద ఆమె కూడా సంతకం పెట్టింది. ఎవరో ఒకరు తమంతట తాము "నాదే" అనాలి. అప్పుడు గానుగ ఆగుతుంది, బంతిలో ఎనిమిది మందీ తెర వెనక్కి పోయి తలా అరగంట ఉంటారు, ఫలితం ఎవరిది వాళ్ళ చెవిలోనే చెబుతారు. ఉన్న సేపు కూడా అందరికీ సమానమే, బయటివాళ్ళు లెక్కలు కట్టకుండా. ఏదో ఒక బంతిలో చివరిసారి ఎవరో ఆ మాట అని పదకొండేళ్ళయింది.

జనం ఎందుకు అనరో నాకు తెలుసు. మొదటి తరంలో ఎవరి ఎముక ఎంతుందో పేర్లతో సహా గోడ మీద రాసేవారు. పేరు పడ్డవాళ్ళకి పని ఉండేది కాదు. అంతకన్నా ఘోరం, భోజనాల దగ్గర వాళ్ళ పక్కనుంచి జనం లేచిపోయేవారు. అంటుకుంటుందని కాదు, పక్కన కూర్చుంటే తమ పేరు కూడా గోడెక్కుతుందని. వదిన నాన్న పేరు గోడెక్కింది. రెండేళ్ళు ఆయన ఒంటరిగా తిన్నాడు. పక్కన కూర్చున్నది ఆరేళ్ళ వదిన ఒక్కతే. ఆయన పోయాక సిగ్గుపడి గోడ కడిగారు. అప్పుడు పుట్టినవే ఈ బంతులు.

చీకటి పక్షం, ఒకటో రోజు

కబురు 10.

ఇవాళ నేను తప్పు చేశాను. అందరి చుక్కలూ అయ్యాక నా వేలు మళ్ళీ గుచ్చుకుని వేరే గిన్నెలో చూసుకున్నాను. 4 వచ్చింది. ఎంత నీచమైన సంతోషమో, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని కూర్చున్నాను. కళ్ళు తెరిచేసరికి మిగిలింది ఏడుగురు.

తీర్మానం: తలా ఇంకో పావుగంట. ఎముక కరుగుతోంది కాబట్టి మోత పెంచాలని రాయమల్లు అన్నాడు. వద్దని నేను అంటే ఎందుకని అడిగారు. కారణం చెబితే కాన్సర్ అన్న మాట వస్తుంది, ఆ మాట వచ్చిన రోజు నుంచి ఒకరి మొహం ఒకరు చూడటం మానేసి ఒకరి నడుం ఒకరు చూడటం మొదలుపెడతారు. నోరు మూసుకున్నాను. తాత గంట, తన గంట, పెరిగిన పావుగంటలు కలిపి వదిన రోజుకి మూడు గంటలు తిరుగుతోంది.

చీకటి పక్షం, నాలుగో రోజు

ఇవాళ గడప కాపలా మొండయ్య తాతది. ఆయన చుక్క గిన్నెలో లేదు. ఆయనదే అయితే కబురు పడిపోవాలి కదా. 11 వచ్చింది.

తాత కాదు. ఇన్నాళ్ళూ మూలిగినవాడికి ఏమీ లేదు. నేను తప్పు మనిషిని పక్కకు తప్పించి ఎవరినో చక్రంలో తిప్పుతున్నాను. కూర్చున్నచోట కూర్చోలేకపోయాను. నీళ్ళ గొట్టాలన్నీ తుడిచాను. అవి తుడవాల్సిన అవసరమే లేదు.

చీకటి పక్షం, పదో రోజు

మొన్నటి మస్టరులో 12. ఇవాళ 4.

బంతి పండగ చేసుకుంది. గానుగ పని చేసిందని రాయమల్లు డబ్బా వాయించాడు. ఇంత మంచి మందు వదలొద్దు, వచ్చే మస్టరు నుంచి తలా ఇంకో అరగంట పెంచుదామని తీర్మానం చేశారు. అందరి చేతులూ లేచాయి. నాది కూడా లేపించారు.

నేను మాత్రం రిజిస్టరు పక్కన గడప కాపలా పుస్తకం తెచ్చి పెట్టుకున్నాను. ఇవాళ గడప దగ్గర ఉన్నది ఎవరు? భూలక్ష్మి. ఇరవై నాలుగు రోజుల క్రితం, 5కీ 6కీ మధ్య 4 వచ్చిన నాడు ఎవరు? భూలక్ష్మి. అప్పుడు యంత్రాన్ని తిట్టాను. అంతకు ముందు ఆమె వంతు వచ్చిన నాడు కూడా నంబరు కాస్త తగ్గింది, అది ఇప్పుడు వేలు పెట్టి చూస్తే కనబడింది. పన్నెండు వచ్చిన నాటి ఏడు చుక్కలు కలిపితే ఎనభై నాలుగు. ఆరుగురికి నాలుగు చొప్పున తీసేస్తే అరవై మిగిలింది. ఆ అరవై మా వదినది.

గిన్నె రెండు చేతులతో దించింది గుర్తొచ్చింది. ఆమె పేరును తాత గంట ఎదురుగా రాసిన చెయ్యి కూడా నాదే.

చీకటి పక్షం, పదకొండో రోజు

పొద్దున్నే వంటింటికి పోయాను. వదిన పిండి కలుపుతోంది. నడుం ఎట్లుంది వదినె అని అడిగాను. మూడు గంటలు తిరిగితే ఎవరికైనా పట్టదా అంది. ఎన్నాళ్ళ నుంచి అన్నాను. తాత గంట తీసుకున్న కాడి నుంచి అంది. తర్వాత ఆలోచించి, అంతకు ముందు కొంచెం ఉండెనేమో అంది. తన నొప్పికి కారణం ఎదురుగా ఉంది కాబట్టి ఇంకో కారణం వెతకలేదు. ఆ కారణాన్ని ఆమె చేతికిచ్చింది నేనే.

చెప్పేద్దామనుకున్నాను. నోరు తెరిచాను కూడా. వదిన నా మొహం చూసి పిండి వదిలేసింది.

"నువ్వు పుస్తకాలు చూసినవు గదా. చెప్పకు, ఓదెమ్మా. సూది పట్టినామె పేరు చెప్పిందంటే మళ్ళ గోడ మీద రాసినట్టే. నాకైనా సరే, ఎవరికైనా సరే. మా నాయిన పక్కన కూసున్నదాన్ని నేను."

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఇంత మొండిదాన్ని ఏ తల్లి కన్నదోనని. కన్నది మా మేనత్తే. నియమం వద్దు గియమం వద్దు అని అరుద్దామనుకున్నాను. అరిస్తే ఆమె చెవులు మూసుకుని, పట్టుదలకి నాలుగో గంట కూడా తిరుగుతుంది. నాకు తెలుసు.

చీకటి పక్షం, పదమూడో రోజు

అందరం గానుగ మెట్ల దగ్గర వరుసలో ఉన్నాం. ఇవాళ్టి నుంచి అరగంట ఎక్కువ. ముందు రాయమల్లు ఎక్కాడు. వదిన రెండో మెట్టు మీద కాలు పెట్టి కమ్మీ పట్టుకుంది, వేళ్ళు తెల్లబడేలా.

నేను మొదటి మెట్టు మీదే ఆగిపోయి అన్నాను: "నాదే."

వదిన మెట్టు మీద నుంచి వెనక్కి తిరిగి నన్ను చూసింది. రాయమల్లు తొట్టెలోంచి దిగాడు. తాత వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. పేరు పెట్టడం తప్పు కాబట్టి వేరేవాళ్ళ పేరు పెట్టలేదు. నా పేరు నేను పెట్టుకోవద్దని ఎక్కడా రాసి లేదు. గానుగ ఆగిపోయింది, అంతకు మించి నేనేమీ ఆలోచించలేదు.

మొదట నన్నే తెర వెనక్కి పిలిచారు. డాక్టర్ నస్రీన్ నా నెత్తురు చూసింది, ఎముకల ఫొటో తీసి చూసింది. నీకేమీ లేదు, అబద్ధానికి నా దగ్గర మందు లేదు అని చెవిలో అంది. ఇంకా ఇరవై నిమిషాలు ఉన్నాయి. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని చల్లారిన టీ తాగాం. ఆమె కళ్ళు తుడుచుకుంది, నేను చూడనట్టు ఉన్నాను.

వదినది ఆరో వంతు. నేను బయట బల్ల మీద కూర్చుని గడియారం చూశాను. సరిగ్గా అరగంటకి బయటికొచ్చింది. కొంగు సర్దుకుంది, ఎవరి వైపూ చూడకుండా, గోడ పట్టుకుని మెల్లగా వంటింట్లోకి పోయింది.

చీకటి పక్షం, పద్నాలుగో రోజు

మధ్యాహ్నం భోజనాలకి వరుసలో కూర్చున్నాం. నాదే అన్నవాళ్ళకి బంతి మలీద పెట్టాలి, రొట్టె నలిపి బెల్లం కలిపిన ముద్ద. భూమి నుంచి వచ్చిన బెల్లం ఏడాదిగా దాచింది అంతా వేసి వదిన చేసింది. రాయమల్లు తన గుడ్డు తీసి నా పళ్ళెంలో వేశాడు. ఇంకెప్పుడూ నన్ను సూదక్క అననన్నాడు. తాత నా ఎడమ పక్కకి జరిగి కూర్చున్నాడు. వీళ్ళందరి ప్రేమా నేను దొంగతనంగా తింటున్నట్టు అనిపించింది.

వదిన మలీద ముద్ద తెచ్చి నా పళ్ళెంలో పెట్టింది. ఇక తన చోటికి పోవాలి. పోలేదు. నా ముందు మెల్లగా, రెండు చేతులూ నేల మీద ఆనించి కూర్చుంది. నేను తలెత్తలేదు. నేను తింటే ఈ అబద్ధం ఇట్లాగే నిలుస్తుంది, ఆమె పేరు ఎప్పటికీ బయటికి రాదు, గుట్టుగా మందు తీసుకుంటుంది. అందుకోసమే కదా చేసింది. ముద్ద మీద చెయ్యి వేశాను.

వదిన నా చెయ్యి పక్కకు నెట్టి ముద్ద తీసుకుంది.

"ఇది నాది" అంది, వరుస మొత్తానికి వినబడేలా. "ఓదెమ్మకు ఏం లేదు. నా కోసం అబద్ధమాడింది. కాన్సర్ నడుముల రెండు పూసలు సగం తిన్నదట. ఇంకో వారం గానుగ ఎక్కితే లేవకపోదునట."

చెప్పి ముద్ద కొరికింది. నములుతూ ఇటు చివర నుంచి అటు చివరి దాకా ఒక్కొక్క మొహాన్నీ చూసింది. ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాన్న పక్కన కూర్చుని అట్లాగే చూసి ఉంటుంది, ఇప్పుడు ఎవరు లేస్తారా అని. వరుసలో అన్ని నోళ్ళూ ఆగిపోయాయి.

రాయమల్లు నేల మీద చెయ్యి ఆనించాడు. లేస్తున్నాడనుకున్నాను. ఆ నిమిషంలో వాణ్ని చంపేద్దామనుకున్నాను. వాడు నీళ్ళ చెంబు అందుకుని వదిన ముందు పెట్టాడు. మొండయ్య తాత ముక్కు చీదుకుని, "రేపటి సంది నా గంట నేనే తిరుగుత, బిడ్డా" అన్నాడు. దానికి వదిన, నీ మూలుగుడు వినే బాధ తప్పుతుందని అంది. ఎవరో నవ్వారు. ఎవరో మళ్ళీ గటక కలుపుకున్నారు.

వదిన ముద్దలో సగం విరిచి నా పళ్ళెంలో పెట్టింది. తినమని అనలేదు. ఆమె తినేదాకా, నేను తినేదాకా, గిన్నెలు ఖాళీ అయ్యేదాకా కూర్చున్నాం. ఎవరూ లేవలేదు.